ఉప్పవ్వ

పోయిన ఎండకాలం మేం కట్ట తెంపినం.
ఆటోళ్లు ఓటుకు పెట్టిండ్రు:
ఉంచుదామా, తెంపుదామా.
తెంపితే రాక్షసుల కోట మునుగుతది,
దాని కింద ఏడు పల్లెలు గూడ.
దోహా సనయ్యల, ఆరుగురి రూముల,
పైమంచం మీద బోర్ల పండుకొని
పగిలిన తెర మీద బొటనవేలుతోటి
నేను తెంపమన్న.

తెల్లారి నాలుగింటికి బస్సు.
హెల్మెట్ కింద తడి తువ్వాల,
పన్నెండో అంతస్తుల పరంజా పైపులు.
మర్చిపోయిన.
ఆట మర్చిపోలే.

బేస్తారం రాత్రి కొత్త అధ్యాయం దిగింది.
నీళ్లు తీసిన బురదల, ఒక గుడిసె ముంగట
ఉప్పమ్మే అవ్వ కూసున్నది.
ఇదివరకు రాగి బిళ్లకు దోసెడు పోసి
పైలం కొడుకా అనేది.
ఇప్పుడు నన్ను చూసి
గంప మీద గుడ్డ కప్పింది.
"నీకు లేదు."
తెర మీద అక్షరాలు హిందీవి,
నా చెవులకు మాత్రం మెట్‌పల్లి అంగడి.
బంగారం ఇస్తనన్న. లేదు.
నాగుల కోటల గెలిచిన కత్తి ఇస్తనన్న.
మొహం తిప్పుకున్నది.

జట్టుల మేం నలుగురం.
నేపాల్ డంబర్, కటింగ్ షాపు షిహాబ్, నేను,
కువైట్ నించి మస్తానమ్మ, రాయచోటి మనిషి.
ఆమె మాట్లాడదు, టైపు చేస్తది.
"మామా నిద్రపోయినాది" అని రాస్తేనే
మా యుద్ధం మొదలు.
ఆమె కట్ట ఉంచమన్నది.
"యాల తెంపితిరిరా, నేనప్పుడే చెప్తి గదా"
అని ఇప్పటికీ పొడుస్తది.
ఆమెకు ఉప్పవ్వ కొసరు గూడ ఏస్తది.

షిహాబ్ అంటడు, ఇదంత వ్యాపారం భాయ్,
మనల్ని లేవనియ్యకుండ ఏసే గాలం.
ఎరుకే.
మా దిక్కు ఒగ్గు కథ చెప్పే రాజయ్య గూడ
గొడ్డలి పైకి లేసినంక డోలు ఆపి
చాయ తాగొస్త అని పోయేటోడు.
ఎవ్వలన్న లేసినమా?

కథ కంచికి, మనం ఇంటికి అంటరు.
ఈ కథ కంచికి పోదు.
మా అకామా ఇంకో రెండేండ్లు పెరిగింది.
నేను పరంజా కట్టిన హోటల్ల
అద్దాల తలుపు దానంతటదే తెరుసుకుంటదట.
దానికి నా మొహం ఎరుక లేదు.
ఉప్పవ్వకు ఎరుక.

రాళ్లు మొయ్యి అని రాసింది మస్తానమ్మ.
ఎవ్వలు చెప్పని పని, పైసల్లేవు, మెడల్ లేదు.
పొద్దంత పైపులు మోసి
రాత్రి కట్టకు రాళ్లు మోసిన.
డంబర్ పగలబడి నవ్విండు.
మూడో రాత్రి వాడు గూడ ఒకటి ఎత్తుకున్నడు.

పదకొండు రోజులాయె
మస్తానమ్మ పేరు పక్కన పచ్చ చుక్క లేదు.
మామా నిద్రపోతలేదో,
ఫోను గుంజుకున్నరో.
ఆమె అసలు నంబరు మా దగ్గర ఎవ్వలికీ లేదు.

నిన్న మళ్ల కొత్త అధ్యాయం.
ఉప్పవ్వ గుడ్డ తీసింది.
దోసెడు పోసింది, నా దిక్కు చూడకుంటనే.
పోసి అడిగింది:
"మీ నాలుగో మనిషి ఏది?"
కింద మూడు జవాబులు మెరుస్తున్నయి.
వెళ్లిపోయింది.
వస్తది.
నాకు తెల్వదు.

బయట డ్రైవరు హారన్ కొడుతుండు.
నేను బూట్లు తొడుగుతున్న ఒక చేత్తోటి,
ఏదీ ఒత్తకుండ,
తెర ఆరిపోకుండ
అప్పుడప్పుడు అంచుల ముట్టుకుంట.