పదహారో గీత

బ్ర్నో ట్రామ్ డిపోలో ఒకప్పటి బొగ్గుల గది
ఇప్పుడు డ్రైవర్లకు బడి.
సీటు నిజం, బ్రేకు నిజం,
అద్దం అవతల మాత్రం అబద్ధపు ఊరు.

వెండులా మూడోసారీ గుద్దేసింది
అదే మలుపులో, అదే గొడుగు మనిషిని.
గొడుగు ఎగిరిపడింది. నెత్తురు లేదు.
అయినా ఆమె చేతులు వణికాయి.
"ఆలస్యం" అని రాశాడు శిక్షకుడు ష్టెపాన్,
కింద రెండు గీతలు గీశాడు.

ఆ రాత్రి యంత్రం మూత విప్పాను.
ఒకే పెట్టెలో రెండు కాపురాలు:
ఇంటి యజమాని ఒకడు,
లోపల అద్దెకున్నది ఆ అబద్ధపు ఊరు.
గ్రాఫిక్స్ కార్డును అద్దెవాడికే రాసిచ్చేశాం
తాళంచెవితో సహా.
గంట మాత్రం ఉమ్మడిది.

నేనుండే పాత మేడలోనూ ఇంతే.
పన్నెండు వాటాలకు ఒక్కటే గంట.
మోగిందంటే కింది వాటా క్వీతా లేచి
చెప్పులు వెతుక్కుని
అంతస్తంతస్తూ ఎక్కుతుంది:
మీకా? మాక్కాదు. మీకా?
వచ్చినవాడు ఈలోగా గుమ్మంలో తడిసి ముద్దవుతాడు.

పదహారో గీత మీద
కార్డు, మైకు, ఎవరూ వాడని ఒక యూఎస్‌బీ
ముగ్గురూ ఒకే తాడు లాగుతున్నారు.
బొమ్మ గీయడం అయిందని కార్డు పిలిస్తే
అద్దెవాణ్ణి చేస్తున్న పనిలోంచి బయటికి లాగి
యజమాని కళ్లు నులుముకుని
పిలిచిందెవరో వాకబు చేసి
మళ్లీ లోపలికి తోసి తలుపేసి...
సెకనుకు కొన్ని వేలసార్లు ఈ తతంగం.
గొడుగు మనిషి ఈపాటికి రోడ్డు మీద.
వెండులా కంటికి
ఇంకా ఫుట్‌పాత్ మీదే.

గంట తీగ కోసేశాను.
సున్నా ఉన్నచోట ఒకటి పెట్టాను,
చేసిన ఘనకార్యం అంతే.
ఇక కార్డు కేకెయ్యదు, చీటీ రాస్తుంది,
పేరుతో, గది నంబరుతో.
ఆ చీటీ నేరుగా అద్దెవాడి గూట్లోనే పడుతుంది.
యజమాని అటు తిరిగి పడుకోవచ్చు.

పొద్దున వెండులా మళ్లీ సీటెక్కింది.
మలుపు. గొడుగు. బ్రేకు.
గంట ఒక్కసారి, గొంతు పగలకుండా మోగింది.
గొడుగు మనిషి దాటి వెళ్లిపోయాడు
తను బతికానని తెలియకుండానే.

నవ్వుతుందనుకున్నాను.
"మరి ముందువాళ్లు?" అంది.
"ముందువాళ్లెవరు?"
"ఇదే సీట్లో ఫెయిలైనవాళ్లు."

ష్టెపాన్ పెన్ను మూత పెట్టాడు, తీశాడు, పెట్టాడు.
బీరువాలో మూడేళ్ల కాగితాలు.
ఒక్కో పేరు కిందా రెండు గీతలు.

సాయంత్రం దాకా కూర్చుని చీటీలు రాశాం,
ఒక్కొక్కరికీ విడిగా,
పేరుతో, ఇంటి నంబరుతో.
మొదటిది యోనాష్‌కి.
ఇప్పుడు రొట్టెల వ్యాను నడుపుతున్నాడట,
ఆ మలుపు మీదుగానే.