అటూ ఇటూ నలభై

"గ్యాసు కోసమాండి?" అని అడిగారు ముందు.
కాదన్నాను. నమ్మలేదు.
మూడుకాళ్ళ స్టాండు, ఇనప గొట్టాలు, టోపీ పెట్టుకున్న ఆడపిల్ల.
ఎవరో వచ్చి తవ్వితే
కిందనుంచి మంట లేవడం
ఒకసారి కళ్ళారా చూసినవాళ్ళు వీళ్ళు.
చేను గలాయన గట్టు మీద గొంతుక్కూచుని
పొద్దుగూకేదాకా నా గొట్టానికి కాపలా కాశాడు.

నాకు కావలసింది పాత సముద్రం.
అది చెబితే ఇంకా అనుమానం.

కొల్లాటి ముసలయ్య ఒక్కడే
"ఏ లోతులో ఉంటదంటారు?" అన్నాడు,
ఏ వీధిలో ఉంటారని అడిగినట్టు.
నలభయ్యేళ్ళుగా చేతిబోర్లు వేసే మనిషి.
రోజుకి ఏడొందలకి నాతో వచ్చాడు.
ఖర్చుల కాయితంలో "అసిస్టెంట్" అని రాశాను.

హేండిలు మీద ఒళ్ళంతా వాల్చి తిప్పుతాడు.
చేతికి తెలుస్తుందట:
జిగటమన్నైతే కట్టుకొయ్య దగ్గర మొండికేసిన గేదె,
ఇసకైతే అన్నంలో రాయి.
"ఆయ్, మారిందండి" అంటాడు.
టేపు పెడతాను. రెండు మీటర్ల పద్నాలుగు.
మారింది.

గొట్టాన్ని నిలువునా కోసి
లోపలి మట్టిని గాలపు దారంతో చీలుస్తాం.
నా రంగుల పుస్తకంలో ప్రతి మట్టికీ ఒక నంబరు.
ఆయన దగ్గర పేర్లు:
తంపటేసిన తేగ పొట్టు,
నానిన మినప్పొట్టు,
కొబ్బరి డొక్కలు ఊరేసిన గుంటలో నీళ్ళు.
నేను రెండూ రాశాను.
గైడు మేడం రెండో గడిని ఎర్రసిరాతో కొట్టేసి
పక్కన చిన్నగా "బావుంది, కానీ" అని రాసింది.
ఆ కానీ తర్వాత ఏమీ లేదు.

ఉపగ్రహం తీసిన బొమ్మలో చూడాలి
మలికిపురం నుంచి తీరందాకా
ఊళ్ళన్నీ మెరకల మీద, చేలన్నీ పల్లాల్లో,
బొటనవేలి ముద్రలా వంపులు వంపులుగా.
సముద్రం వెనక్కి పోతూ పోతూ
ఆగిన చోటల్లా ఒక ఇసకగట్టు వదిలింది.
దాని మీదే కొబ్బరి, ఇళ్ళు, బడి, రేషను షాపు.
ఎవరి ఇల్లు మెరకో ఎవరి పేట పల్లమో
అది మాత్రం సముద్రం చేసిన పని కాదు.

ఎనిమిదో బోరు. నాలుగు మీటర్ల అరవై.
గుల్లలు.
పదకొండింటిలో ఒకటి రెండు చిప్పలూ మూసుకునే ఉంది.
కొట్టుకొచ్చింది కాదు,
బతికిన చోటే పోయింది.

స్కాలర్‌షిప్పులో మిగిలింది ఒక్క శాంపిలు డబ్బు.
వయసు కట్టాలంటే యాసిడ్‌లో కరిగించాలి.
తెలిసేసరికి అది ఉండదు.
ఆ మాట ముసలయ్యకి చెప్పలేదు.
"మూసుకున్నదాన్నే పంపండి,
తెరుచుకున్నవి ఎక్కడివో ఏం నమ్మకం"
అన్నాడు తనే.

నాలుగు నెల్లకి మెయిల్ వచ్చింది.
మూడువేల రెండొందల పదేళ్ళు, అటూ ఇటూ నలభై.
ఫోన్ చేశాను. వెనక ఏరేటర్ల హోరు,
ఎవరి రొయ్యల చెరువు మీదో రాత్రి కాపలాట.
అంకె రెండుసార్లు చెప్పించుకున్నాడు.
"అటూ ఇటూ నలభయ్యా?" నవ్వాడు.
"అయితే నేను బోర్లేసిందంతా
ఆ అటూ ఇటూలో పోయిందండి."

పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.
"ఆ కన్నం మనం పూడ్చలేదండి.
మొన్న అటెళితే నీళ్ళూరి ఉన్నాయి.
వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాను."
ఉప్పా, అన్నాను.
"ఉప్పేనండి.
మీ పాతదో, ఈ చెరువులదో
నాలిక్కి తెలీలేదు."

నోటుబుక్కు తెరిచాను.
లోతుకి గడి ఉంది, రంగుకి ఉంది.
రుచికి లేదు.