ముందు సున్నా చూడాల

మా బడికి తక్కెడ లేదు.
ఒకప్పుడు ఉండిందంట, బీరువాలో.
తాళంచెవి పోయినప్పట్నించీ
అది లోపల ఉందో లేదో ఎవురికీ తెలీదు.

అందుకని తొమ్మిదో తరగతి
చొక్కాలు తగిలించే హ్యాంగరొకటి తెచ్చింది,
రెండు టెంకాయ చిప్పలు, గోనెసంచి పురి.
ఇర్ఫాన్ వాళ్ళన్న పంచరు షాపులోంచి సైకిలు చువ్వ.
మేకు కాల్చి చిప్పలకు తూట్లు పొడిస్తే
రెండో పీరియడు దాకా గదంతా మాడు వాసన.

తూకం రాళ్ళేవి సార్, అన్నారు.
నీళ్ళుండాయి గదరా, అన్నా.
లీటరు నీళ్ళు కిలో.
ఆస్పత్రి నర్సమ్మనడిగి తెచ్చిన సిరంజి
ఒక్క నొక్కుడుకు పది గ్రాములు.
పద్నాలుగేళ్ళు నల్లబల్ల మీద రాసి తుడిచిన వాక్యం
ఆ పొద్దు చిప్పలో పడి చప్పుడు చేసింది.

మొదటి దినం తక్కెడ అబద్ధమాడింది.
ఏమీ పెట్టకుండానే ఎడమ చిప్ప కిందికి దిగింది.
మునిప్రదీప్ గోరంత బంకమట్టి తీసుకోని
కుడి చిప్ప అడుగున అంటించి
కొంచెం గిల్లి, మళ్ళా అంటించి,
నాలిక పంటికింద పెట్టుకోని అరగంట.
"ఏమీ లేనప్పుడు ఏమీ లేదని చెప్పాల.
ఆమీటే దాని మాట నమ్మాల."
నేను చెప్పింది అంతే.
వాళ్ళు గోడమీద బొగ్గుతో రాసుకున్నారు:
ముందు సున్నా చూడాల.

జూన్ నెల. బంగారుపాళెం దావ పొడుగునా
గుజ్జు ఫ్యాక్టరీ గేటు దాకా ట్రాక్టర్లు,
ముందుది కదిలితే వెనకది దగ్గతాది.
గంగోత్రి పుస్తకాల సంచి నిండా
బెంగుళూరా కాయలు తెచ్చింది.
"తీసుకోండి సార్. మా నాయన రెండు రాత్రుల్నించీ
ట్రాక్టరు కిందనే పండుకోనుండాడు."

పది కాయలు తూచినాము.
ఒకటి మూడొందల పది, ఒకటి మూడొందల యాభై,
పదీ కలిపి పదితో భాగిస్తే మూడొందల ముప్ఫై.
సగటు అనే మాటకు ఆ పొద్దు ముక్కు మొలిచింది,
బెంగుళూరా కాయ ముక్కు.
తొమ్మిదింటిని ఉప్పూకారం అద్దుకోని తినేసినాము.
ఒకటి గంగోత్రి దాపెట్టింది, ఎందుకో చెప్పలేదు.

సోమవారం నోటుబుక్కులో మడత చీటీ.
"క్రేటుకు అరవై కాయలు సార్, నేనే ఎంచి ఎత్తినా.
నూటాయాభై క్రేట్లు.
రెండువేల తొమ్మిదొందల డెబ్బై కిలోలు రావాల.
చీటీలో రెండువేల ఆరొందల పది ఉండాది."
తరుగు తీసుంటారమ్మా, అన్నా.
"తరుగు వేరే రాసిండారు, కింద."

రెండుసార్లు గుణించి చూసినా,
ఎక్కడో ఒకచోట
ఆ బిడ్డ తప్పు చేసుంటే బాగుండునని.

మన సగటు పది కాయలదే గదా.
ఎండకు వాడుంటాయి. నీరు ఆవిరైపోయుంటాది.
ఏదేదో చెప్పినా.
"చూసినా సార్," అనింది,
ఆ పదో కాయను చేతిలోకి తీసుకోని.
"రెండు దినాలు ట్రాక్టరు మిందనే పెట్టినా.
ఎనిమిది గ్రాములు తగ్గింది.
ఆ లెక్కన మొత్తానికి డెబ్బై రెండు కిలోలు.
ఇంకా రెండొందల ఎనభై ఎనిమిది ఏడ పోయినాయి?"

ఇట్లాంటి ప్రశ్న పాఠం చివర ఉండదు.
నేను సుద్దముక్క కోసం వెతుకుతా ఉండా,
రాయడానికేమీ లేకపోయినా.

"గేటు కాడ పెద్ద తూకం ఉండాది గదా సార్,
ట్రాక్టరు ఎక్కక ముందు
దానికి సున్నా ఎవురు చూస్తారు?"

తరగతిలో ఎవురూ మాట్లాడలేదు.
కిటికీ చువ్వకు కట్టిన తక్కెడ
ఒట్టి చిప్పలతో ఊగతా ఉండాది.
ఇర్ఫాన్ లేచి పొయ్యి
ఫ్యాను ఆపినాడు.