నవ్వు పడ్డ జాగ

అండాలమ్మ టీవీ బాగై మూడు రోజులైతుంది.
కాలింది ఒక్క కెపాసిటర్, ఇరవై రూపాయలది.
అయినా ఆమె ఫోన్ జేసినప్పుడల్లా చెప్తున్న,
"పార్టు రావాలమ్మా, హైద్రాబాద్ కెల్లి."

చండూరు బస్టాండు ఎనక నా దుకాణం.
షట్టరు సగం దించుత.
తొమ్మిదిన్నరకు గోవర్ధన్ వస్తడు.
ఇంట్ల టీవీ ముందట అన్న కూసుంటడు,
రిమోట్ ఆయన తొడ కింద ఉంటది, వార్తలు పోతనే ఉంటయ్.
అందుకే ఈ అబద్ధం.

గోవర్ధన్ బ్యాంకుల క్లర్కు. నలభై దాటినోడు, జర బొజ్జ.
నీళ్ళ మోటారు కాడ ఇంటి ఓనరుతోని కొట్లాడుతడు,
వంకాయ కూర మాడగొడ్తడు,
మొగోన్ని ప్రేమిస్తడు.
గంతే. అన్నీ ఒకటే గొంతుతోని.

చిన్నప్పటి సంది నాదొక లెక్క,
నవ్వు యాడ పడ్తదని.
సినిమాల నా అసుంటోడు నడుసుకుంట వస్తె చాలు
నడుము మీద పడేది.
చెయ్యి తిప్పితే చెయ్యి మీద.
అర నిమిషం ఉండేటోడు, హీరో చెంప పగలగొట్టంగనే పోయేటోడు.
టూరింగ్ టాకీసుల నేల మీద కూసొని
నేను గూడ నవ్వేటోన్ని, అందరికంటె గట్టిగ,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని.

చెయ్యెందుకంటె, మాది ఫ్లోరైడు నీళ్ళ ఊరు.
పండ్ల మీద ఇటుక రంగు గార.
మా దిక్కు ఎవలు నవ్వినా చెయ్యి దానంతట అదే లేస్తది.
దాసుకునుడు మాకు బడి కంటె ముందే వస్తది.

మొదటి రోజు గోవర్ధన్ తలుపు తీసుకొని లోపటికొచ్చిండు.
నవ్వు పడలే.
సౌండు పోయిందేమో అని వాల్యూము పెంచిన,
స్పీకరు వైరు కదిలిచ్చిన.
తలుపు చప్పుడు మాత్రం మంచిగనే ఇనబడుతుంది.
ఆయెనక వాడు ఓ మాట ఇసిరిండు,
అప్పుడు పడ్డది నవ్వు
ఓనరు బట్టతల మీద.
నేను సోల్డరింగ్ కడ్డీ పట్టుకొని అట్లనే ఉన్న,
బల్ల కాలిన వాసన వచ్చేదాక.

ఎల్లేశు బోరు లారీ మీద పోయి పద్దెనిమిదేండ్లాయె.
ఎన్ని ఫీట్లు దింపితే నీళ్ళు పడ్తయో వానికెరుక.
దింపిన కొద్దీ గార ఎక్కువని నాకెరుక.
పక్క ఊరే, పెండ్లి పత్రిక మాత్రం పోస్టుల పంపిండు.
మొన్న సీరియల్ అయిపోయిన నిమిషానికి
వాని నంబరు కెల్లి మిస్డ్‌కాల్.
వాడూ సూస్తున్నడా,
ఉత్తగ వేలు తగిలిందా.
తిరిగి చెయ్యలే.

ఇయ్యాల షట్టరు కింద రెండు కాళ్ళు, ఎండి కడియాలు.
"నా టీవీ నువ్వు సూస్తున్నవారా!"
స్విచ్చు దిక్కు ఉరికిన.
"ఆపకు. తల్లికి చెప్పేది ఇయ్యాలే గదా?"

పాత స్టెబిలైజర్ మీద కూసున్నది అండాలమ్మ.
తోట పని కెల్లి సీదా వచ్చినట్టుంది, ఒళ్ళె బత్తాయిలు.
ఒకటి ఒలిసి సగం నాకిచ్చింది,
కండ్లు తెర మీదనే పెట్టి.

గోవర్ధన్ చెప్పిండు.
వాళ్ళమ్మ పప్పు కలుపుకుంట మస్తుసేపు ఏమనలే.
నవ్వు లేదు, పాట లేదు, ఫ్యాను తిరుగుతుంది.
ఆయెనక అడిగింది,
"ఆ పిలగాడు అన్నం తింటడా, చపాతి తింటడా?"

అండాలమ్మ పకపక నవ్వింది.
గార పండ్లన్నీ బయట పెట్టి, చెయ్యి లేకుంట.
నా చెయ్యి అలవాటుగ నోటి దాక పోయింది,
చేతుల బత్తాయి తొన ఉండె.
తిన్న.

"ఎంతైంది?"
"నూట యాభై."
"నూరు తీస్కో. మూడు రోజులు సూసినవ్ గదా."

టీవీని దుప్పట్ల సుట్టి బండెనక పెట్టి
తాడుతోని కడుతుంటె,
ఒక చేత్తోని ముడి పట్టుకొని, నా మొకం సూడకుంటనే అన్నది,
"పైలంగ కట్టు బిడ్డా.
లోపల పిలగాడున్నడు."