కాశింపీరా పలక

మార్కాపురం రాయి పొరలు పొరలుగా విచ్చుకుంటది.
ఉలి మొన ఆనించి ఒక్క తట్టు తడితే
పుస్తకం తెరిచినట్టు రెండవుతది.
ఆ తట్టు తట్టడంలో కాశింపీరా మొనగాడు.
నేను చెక్కలు బిగించే పిల్లోణ్ణి, పన్నెండేళ్ళు,
నాలుగు మూలలకి నాలుగు మేకులు.

షెడ్డు గోడకి అమ్మకానికి పెట్టని పలక ఒకటి ఉండేది.
మూల విరిగిందని షావుకారు పక్కన పారేసింది.
దాని మీద బలపంతో ఆయన రాత:
ఇరవై ఎనిమిది, ముప్పై రెండు, ముప్పై ఆరు,
యుద్ధం కాబట్టి రెండు అడ్డగీతలు,
నలభై ఎనిమిది, యాభై రెండు, యాభై ఆరు.
అరవై పక్కన చిన్న సున్నా. అదేందని అడిగితే
"వెండిరా. దానికి ఏడవగూడదు, ఏడిస్తే నల్లబడతది."
అరవై నాలుగు మళ్ళీ బంగారం.
ఆ తర్వాత రెండుసార్లు కంచు, కాస్త సన్నటి అక్షరాల్లో.
నాకు ఎక్కాలు రాకముందే ఆ సంవత్సరాలు వచ్చాయి.

డెబ్బై ఐదు, మార్చి. మలేసియాలో ప్రపంచ కప్పు ఫైనలు.
షావుకారు రేడియో, హిందీ కామెంటరీ.
హిందీ తెలిసింది ఆయనొక్కడికే.
చెవి రేడియోకిచ్చి, నోరు మాకిచ్చి
ఆటంతా తెలుగులో ఆడించాడు:
"పోతన్నాడు, పోతన్నాడు, ఒకణ్ణి దాటె, ఇంకోణ్ణి దాటె..."
రంపాలు ఆగినయ్.
పెద్దంకమ్మ నెత్తిన నీళ్ళబిందె దించడం మరిచింది.
రెండు-ఒకటి.
గోలు పడ్డాక మూడు ఊపిర్లు ఆగి చెప్పేవాడని
చాన్నాళ్ళకి కనిపెట్టాను.
ఆ మూడు ఊపిర్లూ ఆయనొక్కడే తిన్న మిఠాయి.

మరుసటేడు మాంట్రియల్లో
గడ్డి తీసి ప్లాస్టిక్ పరిచారంట.
మనోళ్ళు ఏడోవాళ్ళు.
"కాలికి నేల తెలవకపోతే చేతికి బంతి తెలవదు."
ఇంకొన్నేళ్ళకి మా పలకలకీ అదే అయింది.
పిల్లల సంచుల్లో ప్లాస్టిక్‌వి,
పగలవు, బరువుండవు, రాస్తే కిర్రుమనవు.
షెడ్ల రేకులు ఒక్కొక్కటే ఊడాయి.

ఎనభై రెండు, ఢిల్లీ ఆసియా ఆటలు.
మాస్కో బంగారం రాసిన బలపం ఇంకా చెదరలేదు.
అవతల పాకిస్తాన్.
ఒకటి-ఏడు.
రంపాల దగ్గర కొందరు రేడియో వైపు కాదు,
ఆయన మొహం వైపు చూశారు.
నేనూ చూశాను.
చూడలేదని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను.
ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు.
బంగారాలన్నిటికంటే పెద్దగా రాశాడు:
1 - 7.
బలపం రెండుసార్లు విరిగింది.
ఆ పూట ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు,
రాయి మాత్రం ఒక్కటీ వంకర చీలలేదు.

తర్వాత రాసే పని తగ్గింది.
ఎనభై ఆరు ప్రపంచ కప్పులో ఆఖరోళ్ళం. రాశాడు.
రెండువేల ఎనిమిదిలో ఒలింపిక్స్‌కి పోనే లేదు.
ఏం రాస్తావని అడిగాను.
తడిగుడ్డతో ఒక చోట తుడిచి
ఆ ఖాళీని అట్లాగే ఉంచాడు.
పన్నెండులో పోయి పన్నెండో చోటు తెచ్చుకుంటే నవ్వాడు,
"సంవత్సరానికి తగ్గట్టే వచ్చార్రా."

ఇరవై ఒకటి, ఆగస్టు ఐదు, పొద్దున.
మూతికి కరోనా గుడ్డ.
నలభై ఏళ్ళ కిందట, రాతిదుమ్ములో,
రావాల్సిన గుడ్డ అది.
మనవరాలు రిజ్వానా ఫోను పట్టుకుంది.
ఆయనకి చూపానదు. ఈసారి చెప్పాల్సింది నేను.
ఒకటి-మూడు అన్నాను, గొంతు తగ్గించి.
మూడు-మూడు. ఐదు-మూడు. ఐదు-నాలుగు.
ఇంక ఆరు సెకన్లు. జర్మనీకి పెనాల్టీ కార్నరు.
ఆయన వేళ్ళు మంచం పట్టెని ఉలిలా పట్టుకున్నాయి.

గోలీ ఆపేశాడు.

నేను చెప్పలేదు.
ఒక ఊపిరి. రెండు.
మూడోది ఆయన ఛాతీలో ఈల వేస్తుంటే
"చెప్పరా దొంగా" అన్నాడు.

కంచు అని రాద్దామని ఇల్లంతా వెతికాం.
మార్కాపురంలో, కాశింపీరా ఇంట్లో,
ఒక్క బలపం ముక్క లేదు.