క్షమాభిక్ష కౌంటరు

హసావియాలో మా గది:
పన్నెండు మంచాలు, ఒకటే కిటికీ, కిటికీ నిండా ఏసీ.
శుక్రవారం చాపలు పరిస్తే అదే మందిరం.
చెప్పులు మెట్ల మీదుగా
కింది అంతస్తు దాకా దిగిపోయేవి.

కృపావరం అన్న, ఏసీలు బాగుచేసే చేతులెత్తి,
"కృపే తమ్ముళ్ళారా, ఉత్త కృపే.
నీ చెమటతో కొనుక్కునేదైతే
ఆయన రక్తం కార్చడమెందుకు?" అనేవాడు.
వెనక గోడకానుకున్న నతానియేలు
వెల్డింగుకి మండే కళ్ళు నలుపుకుంటూ
"అట్టయితే అన్నా, రాత్రి గిన్నెలు కడిగే వంతు
కృపదా, నీదా?"
నవ్వులు. ఆమెన్‌లు. మళ్ళీ నవ్వులు.
బిర్యానీ డేగిశా వచ్చేదాకా తెగేది కాదు ఆ వ్యాజ్యం.

నేను ఎటూ మాట్లాడేవాణ్ణి కాదు.
నా దిండు కింద ఒక నోటుబుక్కు ఉండేది.
దశమభాగం పదిహేను దినార్లు, రాశాను.
సుగుణమ్మక్కను ఆసుపత్రికి తీసుకుపోయిన టాక్సీ
రెండున్నర, రాశాను.
జకరయ్యకు పెట్టిన అన్నం, పూటకో గీత.
రేపు పైన అడిగితే చూపించాలి కదా,
పోలీసుకి సివిల్ ఐడీ చూపించినట్టు.

జకరయ్య ఖల్లివల్లి.
కఫీల్ ఇంటి గోడ దూకి ఏడేళ్ళు.
మిద్దె మీద నీళ్ళ ట్యాంకుల నడుమ పడక.
కింద జీపు ఆగితే వాడి ఊపిరి ఆగేది.
వాడు నిద్రపోతున్నా జరిమానా పెరిగేది,
గడ్డంలా, గోళ్ళలా.

వేసవి చివర్లో ప్రకటన వచ్చింది. క్షమాభిక్ష.
జరిమానా లేదు, జైలు లేదు,
పాస్‌పోర్టు పోయినవాడికి ఔట్‌పాస్.
ముగ్గురం మిద్దెక్కాం రొప్పుకుంటూ.
వాడు నమ్మలేదు.
"ఊరికే ఎవడన్నా వదుల్తాడా?
పట్టుకోడానికి పన్నిన వల ఇది."
నాలుగు రాత్రులు చెప్పాం.
నాలుగో రాత్రి కృపావరం అన్న
వాక్యమేదీ ఎత్తకుండా
వేడి సిమెంటు మీద వాడి పక్కన కూర్చున్నాడు, అంతే.
పొద్దున వాడే దిగొచ్చాడు,
ఏడేళ్ళ తర్వాత మొదటిసారి లిఫ్టులో.

కౌంటరు దగ్గర వాడి చేతిలో ఏమీ లేదు
వేలిముద్ర తప్ప.
యూనిఫాం కుర్రాడు తలైనా ఎత్తలేదు.
టప్పుమని ఒక స్టాంపు.
ఏడేళ్ళు అంత చిన్న చప్పుడుకి పోయాయి.

నాకు కోపమొచ్చింది, దాచడమెందుకు.
పదకొండేళ్ళుగా అకామా తప్పకుండా కట్టినవాణ్ణి,
ఖాళీ రోడ్డు మీద కూడా ఎర్రలైటు దాటనివాణ్ణి.
నా కోసం ఎవరు కొట్టారు ఏ స్టాంపు?

ఫ్లైటు రాత్రి రెండింటికి.
ఆ సాయంత్రం జకరయ్య
పన్నెండు మంచాల దుప్పట్లూ నానబెట్టి తొక్కాడు.
మసి కుక్కర్ని పీచుతో తోమి తోమి తెల్లగా చేశాడు.
ఎవరిదో తెలియని తెగిన చెప్పొకటి కుట్టిపెట్టాడు.
"కూర్చోరా, ఇంకా ఎవరికి బాకీ నువ్వు?" అన్నాను.
"ఎవరికీ లేను కదన్నా,
చేతులు ఊరుకోవట్లేదు" అన్నాడు.

నతానియేలు కృపావరం వైపు చూశాడు.
కృపావరం పిండి గిన్నె వైపు చూశాడు.
ఆ పూట ఇద్దరూ ఏమీ అనుకోకుండా
వాడి దారి కోసం చపాతీలు ఒత్తారు.

వాడు వెళ్ళాక నోటుబుక్కు తీశాను.
జకరయ్య పేజీ నిండా గీతలు, ఐదైదు కట్టలుగా,
గేటు లేని కంచెలా.
చింపలేదు. అంత మంచివాణ్ణి కాను.
వాడి టికెట్టుకి నేనిచ్చిన ఇరవై దినార్లు
రాద్దామని పెన్ను కూడా తెరిచాను.

దుప్పటి కోసం మిద్దెక్కితే
పన్నెండూ ఎండిపోయి
చీకట్లో గాలికి కొట్టుకుంటున్నాయి.
నాది ఏదో తెలియలేదు.
చేతికందింది తెచ్చుకుని కప్పుకున్నాను.
ఎండ వాసన, సబ్బు వాసన.
పెన్నుకి మూత పెట్టానో లేదో
గుర్తులేదు.