ముప్పై ఆరు స్లాట్లు

కాలిన మోటారు వాసన
మా ఇంటి తాలింపు కంటె ముందు తెలుస్తది నాకు.
మూత విప్పకముందే చెప్త:
ఫేజు పోయిందా, బేరింగు పట్టిందా,
నీళ్లు లేని బోరును రాత్రంతా ఉత్తగనే నడిపిండ్రా.

కల్వకుర్తి బస్టాండు ఎనక పదడుగుల రేకుల షెడ్డు.
పదహారేండ్లప్పుడు మహబూబలీ ఉస్తాదు
చేతిల రాగి తీగ పెట్టి ఒక్కటే మాట అన్నడు:
"నోటితోని లెక్కపెట్టకు బాలపీరూ, వేలుకు నేర్పు.
నోరు నడుమల ఛాయ్ అడుగుతది."

ముప్పై ఆరు స్లాట్లు.
ఒక్కోదాంట్ల ఎన్ని చుట్లో
నన్నడిగితే ఇప్పటికీ తడబడ్త.
నా బొటనవేలునడుగు.

వెల్దండ నుంచి, వంగూరు నుంచి
స్కూటరెనక తాళ్లతోని కట్టుకొని
పీనుగుల లెక్క తెచ్చేటోళ్లు మోటార్లను.
వోల్టేజి పడిపోయిన ప్రతి ఎండకాలం
మా ఇంట్ల బియ్యం డబ్బా నిండేది.
ఎవరి మడి నెర్రెలు వాస్తే
నా పొయ్యి మీద అన్నం ఉడికిందో
ఆ లెక్క మాత్రం వేలుకు నేర్పలే.

తర్వాత కరెంటు మంచిగైంది.
ఊరంతా సంబురపడ్డది,
నేను గూడ పడ్డట్టే కనిపించిన.
కాలేటివి తక్కువైనయి, కాలినా
"కొత్తది తెచ్చుకుంటం తియ్యి" అనబట్టిరి.
వార్నిషు డబ్బా మీద మీగడ కట్టింది.

ఒకనాడు శ్రీశైలం రోడ్డు మీదికెల్లి
చప్పుడు లేని ఆటో ఒకటి తోసుకొచ్చిండ్రు.
చక్రం విప్పి చూస్తె కడుపుల రాగి తీగనే!
తప్పిపోయిన సుట్టం దొరికినట్టయింది.
మాట్లాడిచ్చిన. పలుకలే.
దాని పానం చక్రంల లేదు,
సీటు కింద నల్లడబ్బాల ఉన్నది.
మూడొద్దులు విప్పుకుంట బిగించుకుంట చూసి
నాలుగో నాడు అట్లనే అప్పజెప్పిన.
"ఎంతియ్యాలె?" అన్నడు ఆ పిలగాడు.
ఆ అడుగుడే కాలింది.

పాలమూరుల పద్నాలుగు దినాల ట్రైనింగు.
ఫారంల వయసు కాడ పెన్ను ఆగింది: యాభై మూడు.
"పేరెంట్సు బయట కూసోవాలె సార్"
అన్నది సుప్రజ మేడం, వనపర్తి పిల్ల,
నా పెద్దబిడ్డ కంటె రెండేండ్లు చిన్నది.
లోపలనే కూసున్న.
హాల్ సెన్సారు అంటె
నాకు తెలిసిన హాలు సినిమాదొక్కటే.
పక్క పోరడు నవ్విండు,
ఫోను చూసి నవ్విండనుకున్న.

ఆరో దినం మేడం కాయిలు చుట్టి చూపెట్టింది.
నా వేలు గుంజింది: ఒక చుట్టు తక్కువ.
జర సేపు ఓర్సుకున్న, ఓర్వలేక చెప్పిన.
విప్పి లెక్కవెట్టింది. ఒకటే తక్కువ.
క్లాసు క్లాసంతా నా దిక్కు తిరిగింది.
మేడం నవ్వి, "ఏం కాదు సార్, నడుస్తది" అన్నది.
మళ్లీ చుట్టి స్విచ్చేసింది.
నిజంగనే నడిచింది.

సాయంత్రం గేటు కాడ అడిగింది:
"చూడకుంటనే ఎట్ల తెలిసింది?"
"చెప్తె వచ్చేది కాదు బిడ్డా, ఐదేండ్లు పడ్తది."
"అన్నేండ్లు నాకేడియి సార్,
వచ్చే ఏడు ఈ బోర్డే ఉండది.
నేను గూడ మళ్లీ బెంచి మీద కూసోవాలె."
ఆ మాట అనేటప్పుడు
ఆమె మొకంల నా షెడ్డు కనవడ్డది.

జడ్చర్ల కాడ బస్సు మారి కిటికీ పక్కన కూసున్న.
బస్సు టికెటు బొటనవేలుకు చుట్టుకుంటున్నది
ఎవరూ చెప్పకుంటనే.
నా మూడు ఫేజులు ఎరుపు, పసుపు, నీలం.
ఈ కొత్త మోటారుకేమో పసుపు, పచ్చ, నీలం.
ఎరుపు ఏడికి పోయింది?
ముప్పై ఏడేండ్లు ముందుగాల పట్టుకున్న తీగ.
మిగిలిన రెండు మాత్రం నావే, పాతయే,
చెయ్యి చాపితే గుర్తువట్టినయి.

హుస్సేనమ్మ ఫోను చేసింది.
"ఇయ్యాల ఏం నేర్చుకున్నవ్?"
"ఒక రంగు" అన్న.
"గంతేనా? సరే, కూర సల్లారుతది, జల్ది రా."